తాళం వేసిన ఇళ్ళని ఏ కాలమ్‌లో రాయాలి?

మన సాఫ్ట్‌వేర్ జనాలకి ఒక జబ్బుంది. సామాజిక శాస్త్రం అనగానే పెదవి విరుస్తాం. "అదేం సైన్సు, నలుగుర్ని కూచోబెట్టి నాలుగు ప్రశ్నలడిగి పుస్తకం రాసేయడమేగా" అంటాం. అదే నలుగురు చెప్పిన అదే నాలుగు జవాబులు ఒక ఎక్సెల్ ఫైల్లో పడి మన చేతికొచ్చాయనుకోండి, వెంటనే దాని పేరు "డేటా" అయిపోతుంది. మనం దానికి రంగురంగుల గ్రాఫులు గీస్తాం. ఇంక దాన్ని ప్రశ్నించినవాడు వెర్రివాడి కింద లెక్క. ఆ ఫైలు మనదాకా రాకముందు ఏం జరిగిందో, ఎవరు ఎవర్ని ఏ నెలలో ఏ మాటల్తో అడిగారో మాత్రం మనకి పట్టదు. పరిశోధనా పద్ధతి, మెథడాలజీ అని ఏ పేరుతో పిలిచినా అదంతా పీహెచ్‌డీ వాళ్ళ తతంగం అనుకుంటాం. నాకైతే అసలు విషయమంతా అక్కడే ఉందనిపిస్తుంది.

ఈ గోల ఇప్పుడెందుకంటే, ఈమధ్య మా ఆఫీసులో ఒకాయన లాప్‌టాప్ ఇటు తిప్పి ఒక డాష్‌బోర్డు చూపించాడు. ఆయన శని, ఆదివారాలు ఒక స్వచ్ఛంద సంస్థకి సాయం చేస్తూంటాడు (పేరెందుకు లెండి). వాళ్ళు మా పక్క, అంటే కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు కొన్ని ఊళ్ళల్లో ఇంటింటి సర్వే చేశారట. సంక్రాంతి వెళ్ళిన వారానికి మొదలుపెట్టి నెలాఖరుకి ముగించేశారు. ఫోన్లో యాప్, ప్రతి ఇంటికీ జీపీఎస్, టైమ్ స్టాంపు, ఫోటో... ఇంజినీరింగ్ పరంగా వంక పెట్టడానికి లేదు. వలస మీద గీసిన పటంలో మాత్రం, "పని కోసం ఊరు విడిచి వెళ్ళేవాళ్ళున్న ఇళ్ళు" అన్న ముక్క చాలా సన్నగా ఉంది.

మాది ఎమ్మిగనూరు. ఆ సన్నటి ముక్క చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"తాళాలేసున్న ఇళ్ళని ఏం చేశారన్నా?" అనడిగా.

"ఏముందీ, స్కిప్ కొట్టి పక్కింటికి పొమ్మన్నాం. శాంపిల్ సైజు తగ్గకూడదు కదా!"

అదీ సంగతి! వలస గురించి సర్వే చేస్తూ, వలస పోయినవాళ్ళ ఇళ్ళని ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టి, మిగిలినవాళ్ళని "మీరు వలస పోతారా" అని అడిగారన్నమాట. సర్వర్ దాకా చేరని రిక్వెస్టు లాగ్‌లో ఉండదు. ఆ లాగ్ చూసుకుని "మా సిస్టమ్‌కి ఒక్క టైమౌట్ కూడా లేదు" అని మేనేజర్‌కి మెయిలు కొడితే మనం ఊరుకుంటామా? అక్కడ పట్టుకునే తప్పు, మనుషుల దగ్గరకొచ్చేసరికి ఎందుకు పట్టుకోమో నాకర్థం కాదు.

మా పక్క సంగతి తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్పాలి. ఆదోని అంటే పత్తి మార్కెట్టు, బట్టల దుకాణాలు, బంగారం కొట్లు. రెండో ముంబై అని గొప్పగా చెప్పుకుంటారు. ఎమ్మిగనూరు అంటే చేనేత. తుంగభద్ర దిగువ కాలువ మా మీదుగానే పోతుంది, చివరి భూములకి నీళ్ళొచ్చినప్పుడు వచ్చినట్టు. ఈ రెండు పట్నాల చుట్టూ ఉన్న పల్లెల్లో ఎక్కువ భాగం వానని నమ్ముకున్న సేద్యమే. ఖరీఫ్ పంట ఇంటికొచ్చాక, అది వచ్చినా రాకపోయినా, నవంబరు, డిసెంబరు నుంచి ఊళ్ళు ఖాళీ అవడం మొదలు. గుంటూరు, పల్నాడు వైపు మిరపకాయలు కొయ్యడానికి, పత్తి తీయడానికి కుటుంబాలకి కుటుంబాలే బియ్యం మూటలతో, గిన్నెలతో, పిల్లలతో వాహనాలెక్కుతాయి. కొందరు తెలంగాణకి, కొందరు బెంగుళూరు బిల్డింగ్ పనులకి. చాలామంది మళ్ళీ ఊరి మొహం చూసేది ఉగాదికే. ఇంటి దగ్గర ఉంటే ఒక ముసలమ్మ ఉంటుంది, లేకపోతే తాళం ఉంటుంది.

దీన్ని మా వాళ్ళు "సుగ్గికి పోవడం" అంటారు. సుగ్గి అంటే కన్నడంలో పంట కోతల కాలం. మా తెలుగులో కన్నడం ఎంత కలిసిపోయిందో, ఆదోనిలో ఉర్దూ ఎంత కలిసిపోయిందో వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడ ఒక చిన్న మాట. తాళం లేని ఇంటికి పోయి "మీ ఇంట్లో ఎవరైనా వలస వెళ్ళారా?" అని పుస్తకాల తెలుగులో అడిగి చూడండి. "వలసలు గిలసలు ఏం లేదప్పా, మేం ఈ ఊరోళ్ళమే" అంటారు. వలస అంటే వాళ్ళ లెక్కన ఊరు శాశ్వతంగా వదిలేసి పోవడం. అది ఒకరకంగా పరువు తక్కువ మాట కూడా. "సుగ్గికి పోయినారా?" అని అడగండి. "పోకుంటే ఎట్ల సామీ, పోయిన వారమే మా కొడుకు, కోడలు పోయినారు" అని వెంటనే చెప్తారు. ఒకే మనిషి, ఒకే గుమ్మం, రెండు జవాబులు. ఆ మనిషి అబద్ధమాడలేదు. ప్రశ్న కూడా తప్పుది కాదు, వేరే ఊరిది. ప్రశ్నాపత్రాన్ని హైదరాబాదులోనో ఢిల్లీలోనో ఇంగ్లీషులో రాసి, అనువాదం చేయించి, యాప్‌లోకి ఎక్కించేవాళ్ళకి ఈ తేడా ఏ వాలిడేషన్ రూల్‌లోనూ దొరకదు.

సరే, ఇది చిన్న స్వచ్ఛంద సంస్థ, పాపం వాళ్ళకేం తెలుసు అనుకుందాం. దేశం మొత్తానికి లెక్కలు కట్టేవాళ్ళ సంగతి చూద్దాం. నేషనల్ శాంపిల్ సర్వే 1999-2000లో (55వ రౌండు) స్వల్పకాలిక వలసని ఎలా నిర్వచించిందంటే, గడిచిన ఏడాదిలో పని కోసం 60 రోజులకి తక్కువ కాకుండా, ఆరునెలలు దాటకుండా బయట ఉన్నవాళ్ళు. 2007-08లో (64వ రౌండు) ఆ 60 రోజుల్ని ఒక నెల చేశారు. మార్చడం మంచిదే. కానీ ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి ఎనిమిదేళ్ళలో వలసలు పెరిగాయనో తగ్గాయనో రాస్తే, అది మనుషుల గురించి చెప్పినట్టా, గీత ఎక్కడ గీశారో చెప్పినట్టా?

2007-08 లెక్క ప్రకారం దేశంలో గ్రామీణ జనాభాలో ఇలాంటివాళ్ళు 1.7 శాతం. అంటే కోటిన్నర లోపు. 2009లో ప్రియా దేశింగ్కర్, షహీన్ అఖ్తర్ ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం (యూఎన్‌డీపీ) కోసం చేసిన అధ్యయనంలో ఇలా పోయి వచ్చేవాళ్ళు పది కోట్ల దాకా ఉంటారన్నారు. ఒకే దేశం, ఇంచుమించు ఒకే కాలం. ఒక అంకె ఇంకో అంకెకి ఆరేడు రెట్లు! మన ప్రొడక్షన్‌లో రెండు రిపోర్టులు ఇలా వస్తే ఆ రాత్రి ఎవరికీ నిద్రుండదు.

ఎవరు కరెక్టు అని నన్నడిగితే, ఇద్దరి లెక్కలకీ చిల్లులున్నాయి. సర్వేవాళ్ళు ఇంటి గుమ్మం దగ్గర నిలబడి అడుగుతారు. ఇల్లంతా కదిలిపోతే చెప్పేవాడు ఉండడు. ఆరునెలలు దాటి బయట ఉంటే ఆ ఇంటి మనిషిగానే లెక్కించరు. పది కోట్లవాళ్ళు అవతలి వైపు నుంచి వచ్చారు. భవన నిర్మాణంలో ఇంతమంది, ఇటుక బట్టీల్లో ఇంతమంది, పొలం పనుల్లో ఇంతమంది అని రంగాలవారీగా కూడుకుంటూ పోయారు. మరి జనవరిలో మిరపకాయలు కోసి, మే నెలలో బెంగుళూరులో కాంక్రీటు మోసే మనిషి ఒకడా, ఇద్దరా? ఆ ప్రమాదం అటుంది. అయినా నేను రెండు అంకెల్నీ గౌరవిస్తాను. ఎందుకంటే ఎలా లెక్కపెట్టారో రెండువైపులా రాసి పెట్టారు కాబట్టి, ఎక్కడ కారిపోతోందో మనం కూచుని వెతుక్కోవచ్చు.

అన్నట్టు, నేషనల్ శాంపిల్ సర్వే షెడ్యూలులో ఒక చిన్న ముచ్చట ఉంది, అది నాకు భలే నచ్చుతుంది. ఎంపిక చేసిన ఇంటివాళ్ళు దొరక్కపోతే వాళ్ళు కూడా ఇంకో ఇంటికి పోతారు. కానీ పోయే ముందు ఎందుకు మార్చారో కోడ్ వేయాలి. ఇంటివాళ్ళు పనిలో ఉన్నారు - 1, ఇంటివాళ్ళు ఊళ్ళో లేరు - 2, చెప్పనన్నారు - 3, ఇతరం - 9. అంతే, ఒక గడి. మా ఆఫీసాయన యాప్‌లో లేనిది సరిగ్గా ఆ గడే. ఆ 2 అంకె ఎన్ని ఇళ్ళకి పడిందో లెక్కపెడితే చాలు, ఆ సన్నటి ముక్కని ఎంతవరకు నమ్మాలో తెలిసిపోయేది. నేనాయనకి ఇదే చెప్పా. "నిజమే కానీ, ఇప్పుడు మళ్ళీ తిరగాలంటే డబ్బులెక్కడివి?" అన్నాడు. తిరగక్కర్లేదు. పటం మీద శీర్షిక మారిస్తే చాలు. "జనవరిలో ఇంటి దగ్గర దొరికినవాళ్ళల్లో..." అని మొదలుపెడితే అంకె అదే, కానీ నిజమవుతుంది. మెథడాలజీకి లక్షలు ఖర్చవుతాయని మనకో అపోహ. చాలాసార్లు అది ఒక గడి, ఒక శీర్షిక.

ఇప్పుడు జనాభా లెక్కల సంగతి. నన్ను నిజంగా భయపెట్టేది అదే.

2011 జనాభా లెక్కలు ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా తీశారు. 28 రాత్రి ఇళ్ళు లేనివాళ్ళని లెక్కపెట్టి, మార్చి 1 నుంచి 5 దాకా సవరణలు చేశారు. ఆ రోజులన్నీ ఊళ్ళో లేని మనిషిని సొంతూళ్ళో రాయకూడదు, ఎక్కడుంటే అక్కడ రాయాలి. సూత్రం ప్రకారం సరైనదే. ఒక మనిషి రెండుచోట్ల పడకూడదు కదా. కానీ ఫిబ్రవరి అంటే ఏమిటి మాకు? మిరపకాయల కోతలు ముమ్మరంగా ఉండే నెల. కౌతాళం మండలం మనిషి అప్పుడు పల్నాడులో ఏదో చేను గట్టున పరదా కట్టుకుని ఉంటాడు. ఆ ఊరి ఎన్యూమరేటర్ చేతిలో ఇళ్ళ జాబితా ఉంటుంది. అందులో పరదాలు ఉండవు. పొలాల్లో తిరిగి రాసుకున్నవాళ్ళూ ఉంటారు, నేను కాదనను. రాసుకోకపోతే మాత్రం ఆ మనిషి ఇక్కడా లేడు, అక్కడా లేడు. రాసుకుంటే పల్నాడు జనాభాలో కలిశాడు.

2011 లెక్కల తర్వాత జరిపిన తనిఖీ సర్వేలో దేశం మొత్తం మీద వెయ్యికి 23 మంది లెక్కలోంచి జారిపోయారని తేలింది. ఆ మాట ప్రభుత్వమే చెప్పుకుంది, మెచ్చుకోవాలి. కానీ అది దేశం సగటు. మండలం స్థాయిలో అది ఏమీ చెప్పదు. జారిపోవడం అన్నిచోట్లా సమానంగా జరగదు. ఫిబ్రవరిలో ఊరు కదిలేవాడే జారతాడు.

ఇదంతా పాత కథ అనుకోకండి. ఆ తర్వాత 2021లో జరగాల్సిన లెక్కలు జరగలేదు. 2025 జూన్ 16న ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం తర్వాతి లెక్కలకి రిఫరెన్స్ తేదీ 2027 మార్చి 1. అంటే మనుషుల్ని లెక్కపెట్టేది మళ్ళీ ఫిబ్రవరిలోనే! ఈసారి ఫోన్ యాప్ ఉంది, 1931 తర్వాత మొదటిసారిగా అందరి కులాలూ రాస్తారు, అన్నీ ఉన్నాయి. నెల మాత్రం అదే. ఆహార భద్రత చట్టం కింద ఏ రాష్ట్రంలో ఎంతమందికి బియ్యం అన్న పరిమితి 2011 లెక్కల మీదనే కట్టారని గుర్తుంచుకుంటే, ఒకసారి తప్పిన మనిషి ఎన్నేళ్ళపాటు తప్పిపోతాడో తెలుస్తుంది. ఢిల్లీలో నెల నిర్ణయించినవాళ్ళకి కోసిగి మీద పగ ఏమీ లేదు. దేశం మొత్తానికి ఫిబ్రవరే అనువైన నెల: వానలుండవు, మరీ ఎండలుండవు, టీచర్లు దొరుకుతారు. తిరిగేవాడికి అనువైన నెల, తిరగబడేవాడు ఇంట్లో ఉండని నెల. రెండూ ఒకటే అవడం మా ఖర్మ.

ఈ జబ్బుకి రాబర్ట్ చాంబర్స్ 1983లోనే పేర్లు పెట్టాడు. పల్లెల మీద పరిశోధన చేసేవాళ్ళు తారు రోడ్డు దాటి పోరనీ, వానాకాలంలో పోరనీ, ఎవరు ఎదురొస్తే వాళ్ళనే అడుగుతారనీ, పథకం అమలైన ఊళ్ళే చూస్తారనీ ఒక జాబితా రాశాడు. ఆయన ముఖ్యంగా చెప్పింది, వానాకాలంలో పల్లెల్లో ఉండే ఆకలి, రోగాలు, అప్పులు పొడి నెలల్లో తిరిగేవాడి కంటపడవని. మా దగ్గర దానికి ఇంకో మెలిక. పొడి నెలల్లో వచ్చేవాడికి కష్టం కనపడకపోవడం అటుంచి, కష్టపడే మనిషే కనపడడు. కనపడేది నీళ్ళున్న రైతు, కొట్టు పెట్టుకున్నాయన, పింఛనొచ్చే అవ్వ. ఊరు నిమ్మళంగా, అరుగుల మీద కబుర్లతో హాయిగా ఉంటుంది. "పడమటి కర్నూలు అంత వెనకబడిందేమీ కాదే" అని రాసుకుని పోవచ్చు.

బడి పిల్లల లెక్క ఇంకో తమాషా. బళ్ళ వివరాలు సేకరించే యూడైస్‌కి చాలా ఏళ్ళపాటు సెప్టెంబరు 30 రిఫరెన్స్ తేదీ. సెప్టెంబరులో మా పిల్లలు బళ్ళోనే ఉంటారు! జనవరి వచ్చేసరికి తల్లిదండ్రులతో మిరప చేలల్లో ఉంటారు. పిల్లల కోసం సీజనల్ హాస్టళ్ళు పెట్టారు, ఆగినవాళ్ళు ఆగుతారు. అంటే చూడండి, బడి ఫోటో సెప్టెంబరులో తీశారు, జనం ఫోటో ఫిబ్రవరిలో తీశారు. ఒకదాంట్లో పిల్లాడున్నాడు, ఇంకోదాంట్లో లేడు. 2022-23 నుంచి విద్యార్థివారీగా వివరాలు పెడుతున్నారు, అది మంచి మార్పు. కానీ ఏ నెలలో ఎవరు లేరు అని అడిగేవాడుంటేనే కదా ఆ డేటాబేస్ చెప్పేది.

మరీ అన్నీ ఏడుపులేనా, బాగా చేసినవాడే లేడా అంటే, ఉన్నాడు. అది కూడా మా జిల్లాలోనే! రాబర్ట్ వేడ్ అనే ఆయన (తర్వాత లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ప్రొఫెసరు) 1970ల చివర కర్నూలు జిల్లాలో కాలువ కింది పల్లెల్లో తిరిగి, 1988లో "విలేజ్ రిపబ్లిక్స్" అని పుస్తకం వేశాడు. కొన్ని ఊళ్ళల్లో రైతులు తమలో తామే ఒక పెద్దల సభ పెట్టుకున్నారు. అందరి తరఫునా నీళ్ళు పారించడానికి నీరుగంటివాళ్ళని, పంటని పశువుల నుంచి కాపాడటానికి కాపలావాళ్ళని జీతమిచ్చి పెట్టుకున్నారు. దానికి డబ్బు ఎలాగంటే, కోతలయ్యాక పొలాల్లో గొర్రెలు మేపుకునే హక్కు వేలం వేసి, సారా అమ్ముకునే హక్కు వేలం వేసి, ఊరుమ్మడి నిధి పోగేసుకున్నారు. ఇది సర్కారు పంచాయతీ కాదు. ఏ రికార్డులోనూ ఉండదు. "మీ పంచాయతీ ఏం చేస్తుంది?" అని అడిగితే "ఏం చెయ్యదు" అనే జవాబొస్తుంది. ఆ జవాబు కూడా నిజమే! ఊళ్ళో ఉండి, పొలం గట్ల మీద తిరిగి, నీళ్ళు ఎవరు వదులుతున్నారో కళ్ళతో చూస్తేగానీ ఇది బయటపడదు.

మామూలు పరిశోధకుడైతే అక్కడ ఆగిపోయి, భారతీయ గ్రామ స్వరాజ్యం అని పులకరించి పుస్తకం ముగించేవాడు. వేడ్ అక్కడ ఆగలేదు. కాలువ కింద 31 ఊళ్ళు పట్టుకున్నాడు. అదే జిల్లా, అవే చట్టాలు, అదే ఇరిగేషన్ డిపార్టుమెంటు. కొన్ని ఊళ్ళల్లో ఈ ఏర్పాటు ఉంది, కొన్ని మైళ్ళ దూరంలో ఉన్న ఇంకో ఊళ్ళో లేదు. ఎందుకు? మంచివాళ్ళు, చెడ్డవాళ్ళు, ఐకమత్యం, కట్టుబాట్లు అని చెప్పడం తేలిక. ఆయన చూసింది కాలువ మీద ఆ ఊరు ఎక్కడుందన్నది. పైనున్న ఊరికి నీళ్ళెలాగూ వస్తాయి, కలిసి ఏడవాల్సిన పనిలేదు. చివరన ఉన్న ఊరు కలవకపోతే పంట ఎండుతుంది. దానికి తోడు నల్లరేగడి నేలల్లో గొర్రెల మందలు దిగడం, పంట నష్టం భయం. అవసరం ఎక్కువున్నచోట ఏర్పాటు పుట్టింది. తర్వాత ఎలినార్ ఆస్ట్రమ్ (2009లో అర్థశాస్త్రం నోబెల్ ఆవిడకే) ఉమ్మడి వనరుల మీద రాసేటప్పుడు ఈ కర్నూలు ఊళ్ళని వాడుకుంది.

ఇందులో గమనించండి, ఒక్క ఊళ్ళో లోతుగా ఉండటం ఎంత ముఖ్యమో, లేని ఊళ్ళని కూడా లెక్కలోకి తీసుకోవడం అంత ముఖ్యం. మొదటిది లేకపోతే ఆ సభ ఉందనే తెలియదు. రెండోది లేకపోతే ఎందుకుందో తెలియదు. అంకెలు గొప్పా, అనుభవం గొప్పా అని మనవాళ్ళు కొట్టుకు చస్తూంటారుగానీ, వేడ్‌కి రెండూ కావలసొచ్చాయి. పుస్తకంలో ఆయన దగ్గరగా చూపించే ఊరి అసలు పేరు చెప్పకుండా "కొత్తపల్లె" అని మారుపేరు పెట్టాడు. లంచాల గురించి, వేలం డబ్బు గురించి నోరు విప్పి చెప్పినవాళ్ళని కాపాడటం కూడా పద్ధతిలో భాగమే.

మా ఎమ్మిగనూరు నేతపని దగ్గరికొస్తే ఇంకో రకం చిక్కు. 1938లో మాచాని సోమప్పగారు ఇక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు. ఆయనకి 1954లో పద్మశ్రీ వచ్చింది. మగ్గాల మీద ఇప్పటికీ థీసిస్‌లు వస్తూంటాయి. చేనేత మీద ఇలాంటి థీసిస్ ఏ ఊరిదైనా తీయండి, మూడో అధ్యాయం "పరిశోధనా పద్ధతి" అని ఉంటుంది. సంఘం సభ్యుల జాబితా తీసుకున్నాం, అందులోంచి ఇంతమందిని ఎంచుకున్నాం, ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు వేయమన్నాం, ఫలానా పరీక్ష చేశాం, ఇంత వచ్చింది. చదవడానికి ఎంతో శాస్త్రీయంగా ఉంటుంది. కానీ సంఘం జాబితాలో ఉండేది సంఘం సభ్యుడు. మాస్టర్ వీవర్ దగ్గర నూలు తెచ్చుకుని కూలికి నేసేవాడు ఆ జాబితాలో ఎందుకుంటాడు? నేత మానేసి హోటల్లో పనికి కుదిరినవాడు ఎందుకుంటాడు? చేనేత ఎందుకు తగ్గిపోతోంది అని తెలుసుకోవాలంటే, అడగాల్సింది మానేసినవాడినే కదా! ఇది కూడా తాళం వేసిన ఇల్లే, కాకపోతే ఇంట్లో మనుషులున్నారు.

ఇక మగ్గం వెనకాల ఆడవాళ్ళు. కండెలు చుట్టేది ఆమె, ఆసు పోసేది ఆమె, పడుగు దగ్గర చెయ్యేసేది ఆమె. సర్వేకి వచ్చినాయన "మీ ఆవిడ ఏం చేస్తుంది?" అని మగ్గం మీదున్న మొగుణ్ణి అడుగుతాడు. "ఇంట్లోనే ఉంటుంది" అంటాడు ఆయన. కోడ్ 92. నేషనల్ శాంపిల్ సర్వే భాషలో ఇంటిపనులు మాత్రమే చేసే మనిషి. అంతే, ఒక ఎనమ్ విలువతో ఆమె పనంతా సున్నా! కనీసం ఈ కోడ్‌లు పడ్డవాళ్ళని ఇంకొన్ని ప్రశ్నలు వేసి కదిలించి చూసే రౌండ్లు నేషనల్ శాంపిల్ సర్వేలో ఉన్నాయి. మన డాష్‌బోర్డులకి ఆ ఓపిక కూడా లేదు.

జిల్లా సగటుల గురించి ఎక్కువ చెప్పను. ఒక్క మాట. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని తాలూకా, ఆలూరు తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేవి. మా పాత వివరాలు కావాలంటే 1904 బళ్ళారి గెజిటీర్ చూడాలి, కర్నూలుది కాదు. కర్నూలు జిల్లా 1951 అంకెల్ని 1961 అంకెలతో పోల్చేవాడు ఇది చూసుకోకపోతే ఆదోని ఆకాశంలోంచి ఊడిపడ్డట్టు ఉంటుంది. మళ్ళీ 2022 ఏప్రిల్ 4న నంద్యాల వేరే జిల్లా అయింది. కాలువ నీళ్ళున్న తూర్పు భాగం పోయి, మేం మిగిలాం. ఒక్కరి బతుకూ మారకుండానే ఆ రోజు జిల్లా సగటు మారిపోయి ఉంటుంది. అంతకుముందు ఇన్నేళ్ళూ ఆ సగటు మమ్మల్ని దాచిపెట్టింది.

మహలనోబిస్ ఒక పని చేసేవాడు. ఒకే ప్రాంతానికి రెండు వేర్వేరు శాంపిళ్ళు తీసి, రెండు వేర్వేరు జట్లని పంపి, రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి చూసేవాడు. తేడా ఎక్కువొస్తే తప్పు శాంపిల్ సైజులో లేదు, అడగడంలోనో రాసుకోవడంలోనో ఉంది అని పట్టుకునేవాడు. మన కోడ్ రివ్యూలకన్నా నిజాయితీగల పద్ధతి :-) దీన్నే మా సుగ్గికి కాస్త మార్చి వాడొచ్చు. ఒక జట్టు జనవరిలో కౌతాళం, కోసిగి ఊళ్ళల్లో తాళాలు లెక్కపెట్టాలి, పక్కింటి అవ్వని అడిగి ఎక్కడికి పోయారో రాసుకోవాలి. ఇంకో జట్టు అదే వారం గుంటూరు, పల్నాడు చేలల్లో పరదాల దగ్గరకి పోయి ఏ ఊరినుంచి వచ్చారో రాసుకోవాలి. రెండు జాబితాలూ కలపాలి. జులైలో మళ్ళీ ఇవే ఇళ్ళకి పోవాలి. "వలస వెళ్ళారా" అని కాదు, "పోయిన ఉగాది నుంచి ఈ ఉగాది దాకా ఏ నెల యాడుంటిరి?" అని నెలనెలా అడగాలి. డూప్లికేట్లు తీసేయడం, పేర్లు మ్యాచ్ చేయడం, ఇవన్నీ మనకి చేతనైన పనులే. మా ఆఫీసాయనకి ఇదంతా చెప్తే కాస్త ఆలోచనలో పడ్డాడు. "గుంటూరు వైపు ఎక్కడున్నారో ఎలా కనుక్కుంటాం, అంత పెద్ద జిల్లాలో?" అన్నాడు.

దానికి జీపీఎస్ అక్కర్లేదు. ప్రతి ఊళ్ళోనూ జనాన్ని కూడేసి తీసుకుపోయే మేస్త్రీ ఉంటాడు. ఎవరికెంత అడ్వాన్సు ఇచ్చాడో, ఏ బండిలో ఎంతమంది ఎక్కారో, ఏ ఊళ్ళో ఏ రైతు చేలో దించాడో రాసుకున్న నోటుబుక్కు అతని దగ్గరుంటుంది. డబ్బులతో పని కాబట్టి అందులో పేర్లు తప్పిపోవు. అప్పుల వివరాలు కూడా అందులోనే ఉంటాయి కాబట్టి అడిగిన వెంటనే ఇవ్వడు. నాలుగుసార్లు టీ తాగాలి. వచ్చే సీజనుకి ముందు, దసరా సెలవల్లో, ఇద్దరం కలిసి పెద్దకడుబూరు వైపు పోయి ఒక మేస్త్రీని కలుద్దామనుకున్నాం. యాప్‌లో ఆ గడి మాత్రం ఆయన అప్పుడే పెట్టేశాడు: 1, 2, 3, 9.